ఈగ ఎరలకు పాత ఈకలు

కొక్కేనికి దారంతో ఈకలూ బొచ్చూ ఉన్నీ కట్టి, పురుగులాగానో చిన్న చేపలాగానో భ్రమ కలిగించే దొంగ ఎరను ఇంగ్లిషువాళ్లు ఫ్లై అంటారు. తెలుగులో ఈగ ఎర అనుకోవచ్చు. దీన్ని కట్టడం పాత విద్యే. క్రీ.శ. 200 ప్రాంతంలో రోమన్ రచయిత ఏలియన్ మాసిడోనియాలోని ఒక నది గురించి చెబుతూ, అక్కడివారు కొక్కేనికి ఎర్ర ఉన్ని చుట్టి, పుంజు గొంతు కింద పెరిగే రెండు ఈకలు కట్టి చేపలు పడతారని రాశాడు. పద్దెనిమిది వందల ఏళ్లు గడిచినా ఈ పనిలో పుంజు ఈకదే పెద్దపీట.

ఈ వ్యాసం విషయం ఆ ఈకలను పాత సరుకుగా, అంటే ఒకరి దగ్గర నిల్వ ఉండి చేతులు మారే సరుకుగా, లేదా ఒకసారి మరో పనికి వాడేసిన సరుకుగా కొనడం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో ఈగ ఎర కట్టడం కులవృత్తి కాదు, బజారు వ్యాపారమూ కాదు. దానికి కావలసిన ముడిసరుకు మాత్రం ఊరూరా పెంటకుప్పల మీద మేస్తూనే ఉంటుంది. కొత్తగా చెయ్యి పెట్టేవారు సాధారణంగా దాన్ని వదిలేసి, దూరదేశపు అరుదైన పాత ఈకల వెంట పడతారు. డబ్బు పోయేదీ చట్టానికి చిక్కేదీ అక్కడే.

నీళ్లు, చేపలు

1967లో నాగార్జునసాగర్ నుంచి నీళ్లు వదిలాక, లాల్‌బహదూర్ కాలువగా పిలిచే ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు భూములను మాగాణి చేసింది. సూర్యాపేట పక్కన మూసీ ప్రాజెక్టు ఉంది. కోదాడ నుంచి ఖమ్మం వైపు వెళ్తే పాలేరు జలాశయం. మిర్యాలగూడకు దిగువన వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలుస్తుంది. చెరువులకు లెక్కే లేదు.

ఇన్ని నీళ్లున్నా చేపలన్నీ ఈగ ఎరకు పడవు. చెరువుల్లో ఎక్కువగా వదిలే బొచ్చె నీటిలోని సూక్ష్మజీవులను వడగట్టుకుని తినే చేప; ఈక కట్టిన కొక్కేన్ని పట్టించుకోదు. పనికొచ్చేవి వేటాడే చేపలు, చిల్లర తిండి చేపలు: కొర్రమీను, వాలుగ, గండిపరిగెలు, జిలేబి అని పిలిచే తిలాపియా. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను కప్పను చూస్తే ఆగదు కాబట్టి దానికి కట్టే ఎర కప్ప ఆకారంలో, కాళ్ల బదులు మెత్తని కోడి ఈకలతో ఉంటుంది. జిలేబికీ పరిగెలకూ గోరంత ఎర చాలు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో అచ్చేసిన ‘ది రాడ్ ఇన్ ఇండియా’, 1887లో వచ్చిన ‘ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ ఈ దేశపు నదులూ చెరువుల్లో గాలం వేసేవారికి చాలాకాలం చేతిపుస్తకాలుగా ఉన్నాయి. రెండో పుస్తకం చెరువుల కోసమే రాసింది కనుక మన వైపువారికి అదే ఎక్కువ పనికొస్తుంది.

చెరువుల మీద చేపల హక్కు సాధారణంగా మత్స్య సహకార సంఘానిది. గాలం వేసేముందు సంఘం పెద్దమనిషిని అడగడం మర్యాదే కాదు, అవసరం కూడా. వానాకాలంలో పిల్లల గుంపును కాపలా కాసే కొర్రమీను జంట మీదికి ఎర విసరడం కొందరికి సులువైన సరదా. తల్లీతండ్రీ పోతే ఆ గుంపు పిల్లలన్నీ పక్క చేపల పాలవుతాయి.

ఏ ఈక దేనికి

ఈకకు నడుమ కాడ, దానికి రెండు వైపులా పోగులు ఉంటాయి. పోగుల నుంచి కంటికి సరిగా ఆనని సన్నని కొక్కేలు పుట్టి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. రెక్క ఈక పలకలా నిలబడేది అందుకే. పుంజు మెడ మీద, నడుం మీద పెరిగే సన్నని మొనదేలిన ఈకల్లో ఈ అల్లిక తక్కువ. పోగులు విడివిడిగా, బిరుసుగా ఉంటాయి. అలాంటి ఈకను కొక్కెం చుట్టూ తిప్పితే పోగులన్నీ కిరణాల్లా విచ్చుకుని ఎరను నీటి మీద తేలుస్తాయి. దీనికే హ్యాకిల్ అని పేరు. పెట్ట మెడ ఈక గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. అది నీళ్లు పీల్చి మునుగుతుంది కనుక నీటిలో ఈదే పురుగు ఎరకు వాడతారు. బాతు తోక మొదట్లో, నూనె గ్రంథి చుట్టూ పెరిగే నూగు ఈకలు సహజంగానే నూనె పట్టి ఉంటాయి. స్విట్జర్లాండ్‌లోని జురా కొండల వైపు కట్టేవారు గత శతాబ్దపు తొలి భాగంలో వాటిని తేలే ఎరలకు వాడుకలోకి తెచ్చారు. నెమలీక పోగును కొక్కేనికి చుడితే పచ్చగా మెరిసే పురుగు ఒళ్లు తయారు.

మెడ మీది చర్మాన్ని ఈకలతో సహా ఒలిచి ఆరబెట్టిన దాన్ని కేప్ అంటారు. నడుం మీదిదైతే శాడిల్. పాశ్చాత్య దేశాల్లో ఫ్లై కట్టేవారికి చాలాకాలం మామూలు సరుకు భారత, చైనా దేశాల నుంచి ఓడల్లో వెళ్లిన కేపులే. ఆ తర్వాత అమెరికాలో ఈక కోసమే కోళ్లను ఎంపిక చేసి పెంచడం మొదలైంది. ఓరెగాన్‌లో హెన్రీ హాఫ్‌మన్ చారల పుంజులను తరతరాలుగా మెరుగుపరిచాడు. 1989లో ఆ జాతిని కొలరాడోకు చెందిన టామ్ వైటింగ్ తీసుకుని పెద్ద ఫారంగా పెంచాడు. ఆ శాడిల్ ఈక ఒక్కటి ఎంత పొడుగంటే దానితో వరసగా అనేక ఎరలు కట్టవచ్చు. మన నాటు పుంజు మెడలో ఒక ఈకకు ఒక ఎర వస్తే గొప్ప.

ఆ పొడవే 2011లో చిక్కు తెచ్చింది. జుట్టులో చారల పుంజు ఈకలు కట్టుకోవడం అమెరికాలో ఫ్యాషన్ అయి, బ్యూటీ పార్లర్లు చేపలవేట దుకాణాల్లోని శాడిళ్లన్నిటినీ కొనేశాయి. ధరలు అనేక రెట్లు పెరిగాయి. అటకల మీది పాత పెట్టెలు దించి అమ్ముకున్నవారు లాభపడ్డారు. ఫ్యాషన్ పోయాక మిగిలిన ఈకలు మళ్లీ పాత సరుకుగా తిరిగొచ్చాయి. ఇలా తలకట్టులోంచి వచ్చినవాటికి రంగు వేసి ఉండవచ్చు, మొదలు జిగురుతో అంటించి ఉండవచ్చు.

పుంజు మెడ, మన రంగులు

బజారులో ఫారం కోడి ఈకలు బస్తాలకొద్దీ పారేస్తారు. అవి ఎందుకూ పనికిరావు. బ్రాయిలర్‌ను దాదాపు ఆరు వారాలకే కోసేస్తారు. అప్పటికి దానికి మెడ ఈక ముదరదు. పుంజుకు అసలైన మొనదేలిన ఈక రావడానికి ఏడాది దగ్గర పడుతుంది. కాబట్టి అంగడిలో నాటుపుంజు అమ్మేవారినే చూసుకోవాలి. ఇంకో తిరకాసు ఉంది. కోడిని వేడినీళ్లలో ముంచి ఈకలు పీకి, మంట మీద కాల్చి, పసుపు రాయడం మన దగ్గర రివాజు. అలా పీకిన ఈకలు తడిసి, మెలిపడి, చిన్నాపెద్దా కలిసిపోతాయి. మెడ తోలు కావాలంటే కోయకముందే చెప్పి ఒప్పించుకోవాలి, తోలు బరువుకు తగ్గ డబ్బు వదులుకోవాలి.

ఒలిచిన మెడ తోలును ఈకలు కిందికి వచ్చేలా అట్టముక్క మీద పరిచి, అంచులకు గుండుసూదులు గుచ్చుతారు. లోపలి వైపు అంటుకున్న కొవ్వును మొద్దు కత్తితో గీకుతారు. కొవ్వు మిగిలితే వారానికల్లా కంపు, నెలకు పురుగు. తర్వాత ఉప్పుగానీ వెలిగారం పొడిగానీ దట్టించి నీడలో గాలికి ఆరబెడతారు. ఎండలో పెడితే తోలు వంకరపోయి ఈకల మొదళ్లు విరుగుతాయి. ఆరిన కేప్‌ను వెనక్కి వంచితే ఈకలు వరస వరసగా లేచి నిలబడాలి.

రంగుల విషయంలో మన పల్లెలకు కేటలాగు అక్కర్లేదు. పందెం కోళ్ల పెంపకందార్లు పుంజును ఈక రంగుతోనే పిలుస్తారు: నల్లనిది కాకి, తెల్లనిది సేతు, ఎర్రనిది డేగ, మెడ మీద నలుపూ తెలుపూ కలిస్తే పర్ల, ఎరుపూ బూడిదా కలిస్తే మైల, ఒక్కో ఈకలో నలుపు, తెలుపు, ఎరుపు చుక్కలుంటే పూల. ఫ్లై కట్టేవారికి ఎంతో ఇష్టమైన ఫర్నేస్ రకం, అంటే నడుమ నల్లచార ఉన్న ఎర్ర ఈక, కొన్ని డేగ పుంజుల్లో కనిపిస్తుంది. బూడిద ఛాయ అన్ని దేశాల్లోనూ అరుదు కనుక మైల పుంజు మెడ దొరికితే వదులుకోకూడదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి తయారుచేసిన వనరాజ వంటి రంగు కోళ్ల పుంజులను కూడా ఏడాది పెంచితే వాడుకోదగ్గ మెడలే వస్తాయి.

అయితే పందెం పుంజు కొంటే మంచి ఈక వస్తుందనుకోవడం తప్పు. పందేలకు పెంచే అసీల్ జాతి ఈక ఒంటికి అతుక్కుని, పొట్టిగా, పలచగా ఉంటుంది. మెడ మీద మరీ తక్కువ. పైగా సంక్రాంతికి కత్తి కట్టిన బరిలో పోయిన పుంజు మెడ రక్తంతో, చీలికలతో ఉంటుంది. కోడిపందేలు జంతుహింస నిరోధక చట్టం ప్రకారం, 1974 నాటి గేమింగ్ చట్టం ప్రకారం నేరం. కోదాడ దాటి సరిహద్దు అవతలి బరుల నుంచి వచ్చిన మెడలంటూ ఎవరైనా అమ్మజూపితే, చట్టం మాట అటుంచి, సరుకుగానే అవి నాసి.

వాడేసిన సరుకు

ఈ ప్రాంతంలో న్యాయంగా, దాదాపు ఉచితంగా దొరికే పాత ఈక ఒకటుంది: షటిల్ కాక్. ఈకల షటిల్‌లో పదహారు బాతు లేదా హంసబాతు రెక్క ఈకలు ఉంటాయి. కొన్ని ఆటల తర్వాత రెండు మూడు ఈకలు విరగ్గానే దాన్ని పారేస్తారు. మిగిలిన ఈకల పై భాగంలోని పోగులు పురుగు వీపుకు, తోకకు పనికొస్తాయి. కింది నున్నటి కాడ సన్నని బెండుగానూ, ఎర నడుముగానూ పనిచేస్తుంది. నైలాన్ షటిల్ ఎందుకూ కొరగాదు.

రెండోది బాతు ఈక. వరికోతలయ్యాక మాగాణి మళ్లలో బాతుల మందలను మేపేవారి దగ్గర బాతు కోయించుకున్నప్పుడు తోక మొదట్లోని నూగును విడిగా ఇమ్మని అడిగితే చాలు. ఈకల దులపరి, పాత టోపీ కుచ్చు, నాటకాల కిరీటం లాంటివాటిలో ఉన్నవి సాధారణంగా రంగు వేసిన టర్కీ లేదా కోడి ఈకలు. తడి దూదితో తుడిస్తే రంగు అంటితే, నీళ్లలోనూ వదులుతుంది.

కేపుల సంగతి వేరు. చేపలవేట మానుకున్నవారి పెట్టె, లేదా పోయినవారి ఇంట్లో మిగిలిన పెట్టె మొత్తంగా అమ్మకానికి వస్తుంది. కొనేవాడు ముందు మూత తీసి వాసన చూడాలి. కలరా ఉండల ఘాటు ఉంటే ఎవరో శ్రద్ధగా కాపాడారన్నమాట. మట్టివాసన, పాతనూనె వాసన వస్తే చెమ్మ తగిలింది. తర్వాత కేప్‌ను తెల్లకాగితం మీద తట్టాలి. ఇసుకలాంటి పొడి, గోధుమరంగు పొట్టు, సాలెగూడులాంటి సన్నని దారం రాలితే చిమ్మట పురుగో తోలు తినే పెంకుపురుగో లోపల ఉన్నట్టే. ఈకల అంచులు కత్తిరించినట్టు పోగులు తెగి ఉండటం మరో గుర్తు. అలాంటిది ఒక్కటి ఇంట్లోకి వస్తే మిగతా పెట్టెలన్నిటికీ ముప్పు.

ముట్టుకుని చూడాల్సింది కాడను. ఒక ఈకను వేలి చుట్టూ తిప్పాలి. మెల్లగా వంగితే బతికున్న సరుకు. చిటుక్కున విరిగితే ఎండి పెళుసైపోయింది. పోగులు నలిగినా వంగినా బెంగలేదు, కెటిల్ ఆవిరి చూపితే లేచి నిలబడతాయి. కాడ పెళుసుకు మాత్రం మందు లేదు. కిటికీ దగ్గర ఏళ్లతరబడి ఉన్న ఈక పైన పాలిపోయి, అడుగున రంగుతో ఉంటుంది. వరసలు ఎత్తి చూస్తే తేడా తెలుస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం కొలత. పోగు పొడవు కొక్కెం నోటి వెడల్పుకు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉండాలి. చిన్న కొక్కేలకు సరిపోయే ఈకలు మెడ పైభాగంలో, తలకు దగ్గరగా ఉంటాయి. పాత కేపుల్లో మొదట ఖాళీ అయ్యేవి అవే. దూరం నుంచి నిండుగా కనిపించే కేప్‌లో కింద పెద్ద ఈకలు తప్ప ఏమీ మిగలకపోవచ్చు. అందుకని ధరను కేప్ లెక్కన కట్టకుండా, తనకు కావలసిన సైజులో ఇంకా ఎన్ని ఈకలున్నాయో లెక్కించి, ఈకకు ఇంత అని చూసుకోవడం తెలివైన పని.

కొన్నదాన్ని నేరుగా పెట్టెలో పెట్టకూడదు. బిగుతైన ప్లాస్టిక్ సంచిలో కట్టి డీప్ ఫ్రీజర్‌లో వారం ఉంచి, ఒకట్రెండు రోజులు బయట పెట్టి, మళ్లీ వారం గడ్డకట్టించాలి. మధ్యలో బయటికి తీయడం ఎందుకంటే, చలికి తట్టుకున్న గుడ్లు వేడికి పొదిగితే రెండో విడతలో పురుగు చస్తుంది. తర్వాత కొద్దిగా షాంపూ కలిపిన గోరువెచ్చని నీళ్లలో ఉతికి ఆరబెట్టవచ్చు. వంద ఏళ్లనాటి పక్షి చర్మాలు, గడ్డి కూరిన బొమ్మపక్షులు మాత్రం ఉతకనే కూడదు. అప్పట్లో పురుగు పట్టకుండా చర్మాలకు లోపల పాషాణం కలిసిన సబ్బు రాసేవారు. ఆ విషం ఈనాటికీ అందులోనే ఉంటుంది.

అడవి పక్షి, చట్టం

నల్లమలలో తిరిగే బూడిదరంగు అడవికోడి పుంజు మెడ ఈకల చివర లక్క ముద్దలాంటి తెల్ల, పసుపు మచ్చలుంటాయి. ఆ మచ్చను ఎర పక్కన కడితే చేప కన్నులా మెరుస్తుంది. విక్టోరియా కాలపు సాల్మన్ ఫ్లైలలో చాలావాటికి దీన్ని కట్టేవారు. 1895లో జార్జ్ కెల్సన్ రాసిన ‘ది సాల్మన్ ఫ్లై’ ఆ ఆడంబరానికి పరాకాష్ఠ. ఆ ఫ్లైలకు దక్షిణ అమెరికా, ఆగ్నేయాసియా పక్షులూ కావాల్సి వచ్చేవి. ఫ్లై కట్టేవారు ‘ఇండియన్ క్రో’ అనేది మన కాకి కాదు, దక్షిణ అమెరికా అడవి పక్షి. ఆ పేరు చూసి మన దగ్గర వెతికితే ఫలితం ఉండదు.

టోపీల ఫ్యాషన్ కోసం పక్షులను ఊచకోత కోస్తుంటే, 1902లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం పెంపుడువి కాని పక్షుల ఈకలు, చర్మాల ఎగుమతిని నిషేధించింది. పెంపుడు కోడిని ఆ ఉత్తర్వు వదిలేసింది కనుక భారత కేపుల వ్యాపారం ఆ తర్వాతా సాగింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దేశం లోపలి వ్యాపారాన్నీ కట్టేసింది. తాతల కాలంనాటి అడవికోడి మెడ ఇంట్లో ఉందన్నది వేరు, దాన్ని అమ్మడం వేరు. పాతదనం అమ్మకానికి అనుమతి కాదు. పాలపిట్ట, లకుముకి, కౌజుపిట్ట ఈకలూ ఇదే కోవలోకి వస్తాయి. బ్రిటన్‌లోనూ ఇతర చోట్లా అడవికోడిని పెంచి, చట్టబద్ధంగా ఈకలు అమ్మేవారు ఉన్నారు. విదేశాల్లో ఉన్నవారు దాన్ని కొనేటప్పుడు పెంపకం కాగితం అడిగి తీసుకోవాలి.

నెమలి విషయంలో చట్టం ఒక మినహాయింపు ఇచ్చింది. తనంతట రాలిన తోక ఈకలను దేశంలో అమ్మవచ్చు, కొనవచ్చు. పెద్దగట్టు లింగమంతుల స్వామి జాతర, జాన్‌పహాడ్ ఉర్సు వంటి జనసమ్మర్దాల్లో నెమలీకల కట్టలు అమ్మేవారు కనిపించడంలో తప్పేమీ లేదు. రాలిన ఈకో పీకిన ఈకో మాత్రం చూసుకోవాలి. రాలిన ఈక కాడ మొన నున్నగా, బోలుగా, శుభ్రంగా ఉంటుంది. చంపి పీకినదానికి మొదట్లో రక్తపు మరక, కండ పీలిక అంటి ఉంటుంది. మొదళ్లు నరికేసిన కట్టలు అమ్మజూపితే అనుమానించాల్సిందే. ఎర కట్టడానికి పాత వింజామరలోని నలిగిన ఈక అయినా సరిపోతుంది, ఎందుకంటే కావలసింది కన్ను కాదు, దాని పక్క పోగులు.

పాత సరుకు మోజు ఎంతవరకు పోగలదో చెప్పడానికి ట్రింగ్ దొంగతనం ఉంది. 2009 జూన్‌లో ఇంగ్లండులోని ట్రింగ్‌లో ఉన్న నేచురల్ హిస్టరీ మ్యూజియం పక్షుల విభాగం నుంచి 299 పక్షి చర్మాలు మాయమయ్యాయి. పట్టుబడ్డది లండన్‌లో ఫ్లూట్ నేర్చుకుంటున్న అమెరికన్ యువకుడు ఎడ్విన్ రిస్ట్. సాల్మన్ ఫ్లైలు కట్టడంలో దిట్ట. పోయిన చర్మాల్లో ప్రకృతి శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ సేకరించినవి కూడా ఉన్నాయి. ఈకలు విడివిడిగా, చర్మాలు ముక్కలుగా అమ్ముడయ్యాయి. ఎప్పుడు, ఎక్కడ దొరికిందో రాసిన చీటీ ఊడిపోయిన చర్మం శాస్త్రానికి పనికిరాదు కనుక తిరిగి దొరికినవాటిలోనూ చాలా వాటి విలువ పోయింది. 2011లో అతనికి పడినది అమలు నిలిపివేసిన ఏడాది జైలుశిక్ష. కిర్క్ వాలెస్ జాన్సన్ 2018లో దీనిపై ‘ది ఫెదర్ థీఫ్’ అనే పుస్తకం రాశాడు. అరుదైన ఈక ఎక్కడిదని అడగకుండా కొనేవారు లేకపోతే ఆ దొంగతనానికి బేరమే ఉండేది కాదు.

సరిహద్దులు

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడ్డప్పుడు తెలంగాణ అధికారులు సరిహద్దు చెక్‌పోస్టుల్లో కోళ్ల వాహనాలను ఆపి వెనక్కి పంపారు. హైదరాబాద్–విజయవాడ రహదారి మీద కోదాడ దగ్గరి రామాపురం వాటిలో ముఖ్యమైనది. అలాంటి రోజుల్లో పచ్చి మెడ తోలు కొనడం, బస్సులో పంపించుకోవడం మానుకోవాలి. ఉప్పు దట్టించి ఆరినంత మాత్రాన తోలులో వైరస్ చచ్చిందనుకోవడానికి లేదు.

అమెరికాలో ఉన్న తెలుగువారు ఇంటికి వచ్చినప్పుడు నెమలీకల కట్ట సూట్‌కేసులో పెట్టుకోవడం కద్దు. దేశంలో కొనడానికున్న మినహాయింపు విమానం ఎక్కడానికి వర్తించదు. నెమలీకల ఎగుమతి నిషిద్ధం. అమెరికాలో ఇంకో చిక్కు ఎదురవుతుంది. 1918 నాటి వలస పక్షుల చట్టం వల్ల పెరట్లో రాలిన కాకి ఈకనో రాబిన్ ఈకనో ఉంచుకోవడమే నేరం. అదే దేశంలో చట్టబద్ధంగా వేటాడిన అడవిబాతుల ఈకలను మాత్రం ఫిషింగ్ ఫ్లైలు, దిండ్లు, పరుపుల కోసం కొనడానికీ అమ్మడానికీ నిబంధనలు ఒప్పుకుంటాయి. టోపీలకు పెట్టుకోవడానికి ఒప్పుకోవు.